ఎవర్నీ అడగని మిషన్

మునిరత్నం పుంజుల్నే అమ్మేవాడు. పెట్ట ఆ ఇంటి గడప దాటింది లేదు.

పన్నెండేండ్లుగా ఏరి ఏరి సాకిన జాతి అది. నల్ల కాళ్లు, మెడ మీద ముదురు బెల్లం రంగు ఈకలు, చేతిలోకి తీసుకుంటే రాయి మాదిరి బరువు. కార్వేటినగరం చుట్టుపక్కల ఎవరికి ఆ కోడి కావాలన్నా ఆయన తావకే రావాల. పిల్లల్ని రెండు నెలలు సాకి, తురాయి లేచి పుంజేదో పెట్టేదో తేలినాక, పుంజుల్ని మాత్రం గంపకెత్తేవాడు. పెట్టను అడిగినవాళ్లకు ఒకటే జవాబు. "అది ఇచ్చేది కాదప్పా." అంతకు మించి మాట్లాడేవాడు కాదు. జత చేతికిస్తే రెండేండ్లలో ఊరూరా అదే కోడి కూస్తుంది. అప్పుడు ఆయన వాకిట్లోకి వచ్చేదెవరు?

ఆ యేడు దసరాకు ముందర, మహాలయ పక్షాల్లో ఒక వాన కొట్టింది. వంక పక్కన పల్లపు చేలో ఉండే షెడ్డులోకి నీళ్లు గోడెత్తున వచ్చినాయి. తెల్లారి చూస్తే కోళ్లలో ఒక్కటీ మిగల్లేదు. కంచెకు చిక్కుకున్న ఈకలు, బురదలో సగం దిగబడిన మేత బస్తాలు. మునిరత్నం మోకాలి లోతు బురదలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, ఇంటికొచ్చి కాళ్లు కడుక్కున్నాడు.

మిగిలింది మిట్ట మీద గదిలో, పొదిగే మిషన్‌లో ఉన్న గుడ్లు. వానకు ముందు పెట్టినవి. ఆయన అమ్మిన పుంజులు ఊరూరా ఉన్నాయి. పెట్ట అనేది పుట్టాలంటే మాత్రం ఆ గుడ్లలో నుంచే పుట్టాల.

ఆ మిషన్‌ను చేసింది నామక్కల్ మనిషి. మొదట్లో దానికి చేత్తో వేసే స్విచ్చులు ఉండేవి. మూడేండ్ల కింద ఆయనే వచ్చి అవన్నీ పీకేసి, కంప్యూటర్‌లో ఒక కార్డు బిగించి, వైర్లన్నీ దాంట్లోకి కలిపినాడు. "ఇంక చేత్తో ఏం పని సార్" అని అరవం కలిసిన తెలుగులో నవ్వినాడు. వేడి ఎంతుండాల, గాలి రెక్కలు ఎప్పుడు తెరవాల, చల్లనీళ్ల గొట్టం ఎప్పుడు విప్పాల, ట్రేలు ఎప్పుడు వాల్చాల, అంతా అదే చూసుకునేది. నిజంగానే చేత్తో పని లేకుండా పోయింది.

ఆ కంప్యూటర్‌ను నడిపే సిస్టం ఒక కంపెనీది. ఈ ఒక్కదాన్నే కాదు, బ్యాంకులో, తాలూకాఫీసులో, ఫోటో స్టూడియోల్లో, స్కానింగ్ సెంటర్లలో, యాడ చూసినా అదే. కొన్నేండ్లుగా ఆ కంపెనీ సిస్టంను అమ్మడం మానుకొని అద్దెకు ఇస్తోంది. స్విచ్ వేసిన ప్రతిసారీ కంప్యూటర్ పోయి కంపెనీని అడగాల, తెరుచుకోమంటావా అని. సరే అంటే తెరుచుకుంటుంది. దసరాకు రెండు నెలల ముందు, ఆడి నెలలో ఆ కంపెనీ లేకుండా పోయింది. అప్పులన్నారు కొందరు. కోర్టన్నారు. లోపలోళ్లే పాడు చేసుకున్నారన్నారు. పేపర్లో దినానికొక రకంగా రాసినారు. మునిరత్నానికి అర్థమైందల్లా ఇంతే: ఆడుతున్న కంప్యూటర్ ఆడుతుంది. ఆపితే మళ్లీ లేవదు. అది అడుగుతుంది, పలికేవాడు లేడు.

ఆ రెండు నెలలూ జనం కంప్యూటర్లను బాలింతల్ని చూసినట్టు చూసినారు. రిజిస్ట్రార్ ఆఫీసులో ఒకటి బతికింటే దానికి కాపలా మనిషిని పెట్టినారు. కరెంటు పోయిన చోటల్లా ఒకటీ అరా చచ్చినాయి. తిరుపతిలో కాలేజీ పిల్లకాయలు ఊరికే దొరికే వేరే సిస్టం ఎక్కిస్తున్నారన్నారు గానీ, వాళ్ల తావ కాచుకున్నోళ్ల వరస కార్తీకం దాటిందంట. పైగా మిషన్ ప్రోగ్రాం దాంట్లో ఆడదని నామక్కల్ ఆయన ఫోన్‌లో చెప్పేసినాడు. మునిరత్నం రెండు బ్యాటరీల యూపీఎస్ పెట్టించి, గది తలుపు మీద సుద్దముక్కతో పెద్దగా రాసినాడు. ఆపవద్దు. రాసినాక, ట్రేలు చూసుకునే కుప్పయ్యను పిలిచి పైకి చదివించినాడు.

ఆయుధపూజ పని మొదట్నుంచీ కుప్పయ్యదే. ఆయనకు దాంట్లో పట్టింపులు జాస్తి. ఆడుతున్న మిషన్‌కు బొట్టు పెట్టకూడదు. హారతి ఇచ్చేటప్పుడు అది కండ్లు మూసుకోనుండాల. అందుకే యేటా కర్పూరం వెలిగినంతసేపు మెయిన్ దించి, గుమ్మడికాయ పగలగొట్టినాక ఎత్తేవాళ్లు. ఆ కాసేపటికి గుడ్లకు ఏమీ కాదు.

"ఈసారి మెయిన్ దించాల్నా, వద్దా అయ్యా?" అని ముందు దినమే అడిగినాడు.

మునిరత్నం గడ్డం గీరుకున్నాడు. ఆయన భార్య లోకేశ్వరి వాకిట్లో పసుపు కలుపుతూ, "షెడ్డు పోయింది సాల్లేదా? ఈ యేడే వంకరగా చేస్తారా?" అనింది.

"యూపీఎస్ ఉండాది గదా. మెయిన్ దించినా కంప్యూటర్ ఆగదు" అన్నాడు మునిరత్నం. "అన్నీ ఎప్పటి మాదిరే కానీ. దాన్ని మాత్రం తాకబాకు."

"నేనెందుకు తాకుతా" అన్నాడు కుప్పయ్య.

పూజ దినం పొద్దున్నే గది ముందర వరసగా అన్నీ పెట్టినారు. పారలు, కొడవళ్లు, మందుకొట్టే మిషన్, టీవీఎస్ బండి, గుడ్లు చూసే లైటు. కుప్పయ్య ఒక్కోదాన్ని కడిగి తుడిచి గంధం రాసి బొట్లు పెట్టినాడు. వరసలో చివర రెండు బ్యాటరీలు కూడా ఉన్నాయి, తళతళలాడుతూ, ఒక్కోదానికి మూడు బొట్లు, పైన ఒక చామంతి. మునిరత్నం వాటినీ చూసినాడు. మందు మిషన్‌వి అనుకున్నాడు.

లోకేశ్వరి బొరుగులూ పప్పులూ బెల్లమూ కలిపి పళ్లెంలో పెట్టింది. కుప్పయ్య కర్పూరం అంటించి తల ఊపినాడు. మునిరత్నం గోడ దగ్గరికి పోయి మెయిన్ కిందికి లాగినాడు.

ఫ్యాన్ల మోత మెల్లగా తగ్గి ఆగింది. దాంతోబాటు ఇంకో సన్నటి మోత కూడా ఆగింది. ఉందని ఎప్పుడూ గుర్తుకు రాని మోత అది, ఆగినాకనే తెలిసింది. మునిరత్నం చెయ్యి మెయిన్ మీదనే ఉంది. అంత నిశ్శబ్దం ఉండకూడదు.

గదిలోకి పోయినాడు. కంప్యూటర్ తెర మీద ఆయన మొహం నల్లగా కనిపించింది. బల్ల కిందికి వంగి చూస్తే యూపీఎస్ వైర్లు రెండూ విడిగా పడి ఉన్నాయి. బ్యాటరీలు ఉండాల్సిన చోట నేల తుడిచి ముగ్గేసి ఉంది.

కుప్పయ్య హారతి పళ్లెంతోనే వాకిట్లో నిలబడిపోయినాడు. "కంప్యూటర్‌ను తాకొద్దన్నారని దాన్ని తాకనే లేదయ్యా. బ్యాటరీలకు పచ్చగా తుప్పు పట్టింది. కరెంటు మీద ఆడతా ఉండాది గదా, ఒక గడియ ఊడదీసి కడిగితే ఏమనుకున్నా. అవి గూడా ఆయుధాలే గదయ్యా."

తిట్టడానికి మునిరత్నం నోరు తెరిచినాడు. మెయిన్ లాగింది తన చెయ్యే.

మెయిన్ ఎత్తినాడు. ఫ్యాన్లు తిరిగినాయి. కంప్యూటర్ స్విచ్ నొక్కితే తెర మీద చిన్న చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలుపెట్టినాయి. తిరిగి తిరిగి ఆగి, ఒక వరస తెలుగులో వచ్చింది. కంపెనీని చేరుకోలేకపోయాము. కాసేపు ఆగి ప్రయత్నించండి.

కాసేపు ఆగినారు. అదే వచ్చింది. 

పదహారు దినాలు దాటిన గుడ్డు ఊరికే ఉండదు. లోపలి పిల్ల తన వేడి తనే పుట్టిస్తుంది. అన్ని గుడ్లు ఒక పెట్టెలో ఉంటే ఆ వేడిని ఎప్పటికప్పుడు బయటికి తీయాల. కంప్యూటర్ లేక గాలి రెక్కలు తెరుచుకోలేదు, నీళ్ల గొట్టం విప్పుకోలేదు. థర్మామీటర్‌లో గీత తొంభై తొమ్మిదిన్నర దాటి, నూరు దాటి, ఎక్కుతానే ఉంది. తలుపు బార్లా తీసినారు. దిగింది. మరీ దిగింది. మూసినారు. మళ్లీ ఎక్కింది. వేడి చాలకపోతే పెట్టే తీగ కూడా కంప్యూటర్ చెబితేగానీ రాజుకోదు. ఒక పూటయితే తలుపు తీస్తూ మూస్తూ నెట్టుకురావచ్చు. పిల్లలు రావడానికి ఇంకా ఐదు దినాలుంది. ఐదు దినాలు ఎవరు నెట్టగలరు?

మునిరత్నం పై ట్రేలోంచి ఒక గుడ్డు తీసి లైటుకు ఆనించి చూసినాడు. ఎర్రటి నరాల మధ్య నల్లటి ముద్ద ఒక్కసారి ఎగిరిపడింది. బతికే ఉంది. లోకేశ్వరి తడి గోనెపట్టలు మోసుకొచ్చి మిషన్ చుట్టూ కప్పుతోంది.

"నామక్కల్ ఆయన ఏమన్నాడు?" అనింది.

"ఫోన్ ఎత్తలేదు. వాళ్లకూ ఈరోజు పూజే."

"అయితే ఏబెల్ తావకు పో."

మునిరత్నం ఇంకో గోనెపట్ట అందుకున్నాడు.

"పో అంటిని గదా. మొహం చెల్లకపోతే గుడ్డ కప్పుకోని పో. గుడ్లకు నీ మొహంతో పన్లేదు."

ఏబెల్‌ది పుత్తూరులో కంప్యూటర్ రిపేర్ల అంగడి. మూడేండ్ల కింద ఈ కంప్యూటర్‌కు సిస్టం ఎక్కించడానికి మొదట వచ్చింది అతనే. సంచిలోంచి డిస్క్ తీస్తే, "ఇది కంపెనీదేనా?" అని అడిగినాడు మునిరత్నం. "కాపీ అన్నా. అందరూ ఇదే వేయించుకుంటారు" అని నవ్వినాడు ఏబెల్. "దొంగ సొత్తు నా గడప తొక్కకూడదు" అన్నాడు మునిరత్నం. పుంజుల కోసం వచ్చినవాళ్లు నలుగురు వాకిట్లో ఉన్నారు. ఏబెల్ డిస్క్ సంచిలో పెట్టుకొని వెళ్లిపోయినాడు. మునిరత్నం తిరుపతికి పోయి బిల్లుతో సహా అసలుది తెచ్చుకున్నాడు. ఆ నలుగురూ ఆ మాటను పుత్తూరు దాకా మోసినారు. కొన్నాళ్లు అతన్ని దొంగ ఏబెల్ అన్నారు కూడా.

గంధం బొట్టు ఆరకముందే టీవీఎస్ బండి రోడ్డెక్కింది. పుత్తూరులో ప్రతి అంగడి ముందరా పగిలిన గుమ్మడికాయలు, వాటి మీద కుంకుమ. బస్సులకు అరటి మొక్కలు కట్టినారు. ఏబెల్ అంగడి ముందర జనం. ఆయుధపూజ దినం ఆ వీధిలో తెరిచిన అంగడి అదొక్కటే.

చాలామంది ఒళ్లో కంప్యూటర్లున్నాయి. స్టూడియో గుణశేఖర్ తన దాన్ని తుండుగుడ్డలో చుట్టి బిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకోనుండినాడు. గుడ్డలోంచి కుంకుమ కనిపిస్తోంది.

"నీది గూడానా?" అన్నాడు మునిరత్నాన్ని చూసి. "మా నాయన ఆపినాడప్పా. ఆయన లెక్కలో ఆడే మిషన్‌కు మొక్కితే దేవుడికి వినపడదంట."

"విరిగిన కాలైతే ఈ ఊర్లోనే పుత్తూరు కట్టు కట్టించేవాళ్లం" అన్నాడు పక్కనున్నాయన. "దీనికి యాడ కట్టేది?"

ఎవరో నవ్వినారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

లోపల ఏబెల్ భార్య స్టెల్లా పసుపుబారిన పాత కంప్యూటర్ ముందర కూర్చొని టైపు చేస్తోంది. వరసలో ఉన్నవాళ్ల సర్టిఫికెట్లు, దరఖాస్తులు, పెండ్లి పత్రికలు, అన్నీ దాంట్లోంచే వస్తున్నాయి. ఏబెల్ బల్ల మీద ఒకదాన్ని విప్పి చూస్తూ తలెత్తినాడు. మునిరత్నాన్ని చూసి మళ్లీ తల దించుకున్నాడు.

"చెప్పన్నా" అన్నాడు.

మునిరత్నం చెప్పినాడు. మెయిన్, బ్యాటరీలు, గుడ్లు. ఫోన్‌లో ఉన్న కార్డు ఫోటో చూపించినాడు. ఏబెల్ ఫోటోను పెద్దది చేసి చాలాసేపు చూసినాడు.

"ఈ కార్డు కొత్తవాట్లో కూర్చోదన్నా. దీనికి పొడుగు గాడి కావాల. ఆ గాడి ఉండేది, మళ్లీ తెరుచుకునేది, ఈ చుట్టుపక్కల ఒకటే ఉండాది." చేత్తో స్టెల్లా ముందరున్న దాన్ని చూపించినాడు. "పదేండ్ల కిందటిది. అద్దెలు రాకముందు ఎక్కించిన కాపీ; ఆ డిస్కు ఎప్పుడో అరిగిపోయింది, తర్వాత వేసిన కాపీలన్నీ అడిగేవే. ఆ అడిగే ముక్కను అప్పుడే కోసి పారేసినా. తెరుచుకునేటప్పుడు ఎవర్నీ అడగదు. దానికి అడగడమే తెలీదు."

స్టెల్లా టైపు ఆపింది. "దాన్ని పంపిస్తే నేనేం చేసేది? వీళ్లందరికీ ఏం చెప్పేది?"

"ఐదు దినాలు" అన్నాడు మునిరత్నం.

"ఐదు దినాలు మా పొయ్యి నువ్వొచ్చి వెలిగిస్తావా అన్నా?"

ఏబెల్ స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టినాడు. అంగడంతా వింటోంది. "అది గాదు స్టెల్లా. అన్నకు ఇంకో కష్టం ఉండాది. ఇది దొంగ సొత్తు. అన్న గడప తొక్కకూడదు."

గుణశేఖర్ గొంతు సవరించుకున్నాడు. మునిరత్నం కింద గచ్చు మీద పడిన కుంకుమ చుక్కను చూస్తూ ఉన్నాడు. చెవులు ఎర్రబడినాయి.

"తొక్కనీ" అన్నాడు.

చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తితే బనియన్ జేబులో ఏదో తగిలింది. గుండ్రంగా, వెచ్చగా. లైటుకు ఆనించి చూసిన గుడ్డు. ట్రేలో పెట్టడం మర్చిపోయి జేబులో వేసుకున్నాడు. రోడ్డు గుంతలన్నీ దాటి ఒంటి వేడికి అట్లనే ఉంది. బయటికి తీసినాడు.

"అదేంది?" అనింది స్టెల్లా.

"మర్చిపోయి తెచ్చినా."

ఆమె చెయ్యి చాచింది. గుడ్డును అరచేతిలో పెట్టుకొని, ఫోన్ లైటు వేసి, ఇంకో చెయ్యి గొడుగు మాదిరి పట్టింది. వేళ్ల సందుల్లోంచి ఎర్రటి వెలుగు వచ్చింది. లోపల నల్లటిది కదిలింది. కాలో మెడో, ఒక తోపు తోసింది. స్టెల్లా లైటు ఆర్పలేదు.

"ఇట్టాంటివి ఎన్నుండాయి?"

"నాలుగు నూర్లకు పైన."

"ఇవి పోతే ఇంగ యాడా లేవా?"

"లేవు."

"ఎట్లుంటాయి?" అన్నాడు ఏబెల్. "మా యమ్మ ఒక పెట్టనిమ్మని నీ వాకిట్లో సగం పూట కూర్చునింది. ఇచ్చింటే ఈరోజు మా దొడ్లో నాలుగు గంపల పెట్టలుండేవి. నువ్వు గూడా ఆ కంపెనీ మాదిరే సేసినావన్నా. అందరూ నీ తావకే వచ్చి అడగాల."

మునిరత్నానికి ఆ ముసలమ్మ గుర్తుకొచ్చింది. కొంగులో వక్కాకు మూట. పోతూ పోతూ షెడ్డు కంచె దగ్గర ఆగి లోపలికి చూసింది.

"ఏం కావాల నీకు?" అన్నాడు.

"జత. పుంజూ పెట్టా."

బయట ఎవరో మిగిలిపోయిన గుమ్మడికాయను రోడ్డు మీద పగలగొట్టినారు. ఆ చప్పుడుకు కూడా మునిరత్నం తలెత్తలేదు. పన్నెండేండ్లలో ఎంతమంది అడిగినారో, ఎంతమందికి ఒకటే మాట చెప్పినాడో. ఇప్పుడు ఆ మాట నోట్లోనే ఉంది గానీ, దాని వెనక కోడి లేదు.

"ఇస్తా" అన్నాడు.

"బతికితే గదా ఇచ్చేది" అనింది స్టెల్లా. లేచి, వరసలో ఉన్నవాళ్లతో, "రేపు రాండి. రేపటికి ఏదో ఒకటి చేస్తా" అని చెప్పి, కంప్యూటర్ మీదికి వంగి దాన్ని ఆపేసింది.

అంగడిలో ఒక్కసారిగా ఊపిరి బిగబట్టినారు. రెండు నెలలుగా ఎవరూ కంప్యూటర్‌ను కావాలని ఆపడం చూళ్లేదు.

"ఆపొచ్చునా?" అన్నాడు గుణశేఖర్ మెల్లగా.

"ఎన్నిసార్లయినా" అన్నాడు ఏబెల్.

స్టెల్లా పెన్నుతో గుడ్డు మీద చిన్న సిలువ గీసి మునిరత్నం చేతిలో పెట్టింది. "ఇది నాది. సూసుకో."

ఏబెల్ వెనక కూర్చొని కంప్యూటర్‌ను తొడల మధ్య ఇరికించుకున్నాడు. స్పీడ్ బ్రేకర్ వచ్చిన ప్రతిచోటా మునిరత్నం బండిని దాదాపు ఆపి దాటించినాడు. ఒక చేత్తో జేబును పట్టుకోనుండినాడు. కార్వేటినగరం దాటినాక ఏబెల్, "అన్నా, రెండు చేతుల్తో తోలు. దాన్ని నేను పట్టుకుంటా" అన్నాడు. మునిరత్నం గుడ్డును తీసి వెనక్కి ఇచ్చినాడు.

గదిలో లోకేశ్వరి జుట్టంతా తడిసి మొహానికి అంటుకోనుంది. కుప్పయ్య తలుపు పట్టుకొని థర్మామీటర్ వైపే చూస్తున్నాడు. చేత్తోనే ట్రేలను ఒక పక్కకు వాల్చి ఉన్నారు.

"ఎంతదాకా పోయింది?" అన్నాడు మునిరత్నం.

"నూట మూడు" అన్నాడు కుప్పయ్య. "రెండుసార్లు."

మునిరత్నం పై ట్రేలో గుడ్డు తీసి కంటిరెప్పకు ఆనించుకున్నాడు. కాల్తోంది. తీసిన చోటే పెట్టినాడు.

ఏబెల్ పాత కంప్యూటర్‌ను నేల మీదనే విప్పినాడు. మునిరత్నం కంప్యూటర్లోంచి కార్డును ఊడదీసి, చొక్కా అంచుతో తుడిచి, పాతదాని పొడుగు గాడిలో పెట్టి నొక్కినాడు. అది టక్కుమని కూర్చునింది. చచ్చిన కంప్యూటర్‌లోని డిస్క్‌ను కూడా దీనికి తగిలించినాడు, ప్రోగ్రాం దాంట్లో ఉంది గనక. స్విచ్ వేసినాడు. తెర నల్లగా ఉండి, నీలంగా మారి, చుక్కలు తిరగడం మొదలుపెట్టినాయి.

ఆ చుక్కల్ని మునిరత్నం పొద్దున కూడా చూసినాడు. లోకేశ్వరి ఆయన చొక్కా వెనక పట్టుకునింది.

చుక్కలు ఆగినాయి. తెర తెరుచుకునింది. దాని మీద ఎవరి పెండ్లిదో ఫోటో, స్టెల్లా పెట్టిన బొమ్మ. కుప్పయ్య చేతులెత్తి దానికి దణ్ణం పెట్టినాడు.

ప్రోగ్రాం ఆడింది. మిషన్ లోపల టక్ టక్ మని చప్పుళ్లు. గాలి రెక్కలు కదిలినాయి. ఏబెల్ గోడకానుకొని కాళ్లు చాపినాడు. "వదినా, ఆ బొరుగులేమన్నా మిగిలుంటే పెట్టు. నేను మొక్కను గానీ తింటా."

లోకేశ్వరి మొహంలో పొద్దున్నుంచీ లేని నవ్వు వచ్చింది. పళ్లెం తేవడానికి లేచింది.

మునిరత్నం లేవలేదు. మిషన్‌కు చెవి ఆనించి ఉన్నాడు. లోపల నీళ్లు పారే చప్పుడు రావాల. రాలేదు. దాని బదులు సన్నగా జుయ్యి మంటోంది. ఆ చప్పుడు ఆయనకు తెలుసు. కొత్త గుడ్లు పెట్టిన దినం వస్తుంది.

"ఏబెల్" అన్నాడు. "అది వేడి పెడతా ఉండాది."

"ఏంది?"

"వేడి పెడతా ఉండాది. తీగ రాజుకునింది."

ఏబెల్ తెర ముందరికి పాకినాడు. గీత నూటొకటి. నూటొకటిన్నర. కుప్పయ్య తలుపు లాగి తెరిచినాడు. ఏబెల్ తెర మూల వేలు పెట్టి చూపించినాడు. దాంట్లో తారీకు పదేండ్ల కిందటిది.

"దీని గడియారం చచ్చిపోయింటాదన్నా. స్టెల్లా పొద్దున్నే దిద్దుకునేది, నాకు గుర్తు రాలే. దీని లెక్కలో ఈ గుడ్లు ఇంకా పెట్టనే లేదు. కొత్తగా పెట్టినవాట్ల మాదిరి కాగబెడతా ఉండాది."

"దిద్దు."

"దిద్దినా. ప్రోగ్రాం పట్టుకోలే." ఏబెల్ ఒకసారి మునిరత్నం మొహంలోకి చూసినాడు. "ఆపి, మళ్లీ వేయాల. వైరు పీకకుంటే దిద్దిన తారీకు నిలబడుతుంది."

ఆ మాట గదిలో ఎవరికీ మింగుడుపడలేదు. వాకిట్లోంచి పళ్లెంతో వచ్చిన లోకేశ్వరి అక్కడే నిలబడిపోయింది. తలుపు మీద మునిరత్నం రాసిన అక్షరాలు సరిగ్గా ఆమె తల పక్కనే ఉన్నాయి.

"మళ్లీ తెరుచుకుంటుందా?" అనింది.

"ఇంతదాకా తెరుచుకునింది వదినా."

గీత నూట రెండు దాటింది. ఏబెల్ చెయ్యి స్విచ్ దగ్గర ఆగింది. అతను నొక్కలేదు. మునిరత్నం వంగి, ఏబెల్ చెయ్యి పక్కకు జరిపి, తనే నొక్కినాడు.

పొద్దున ఆగిన సన్నటి మోతే మళ్లీ ఆగింది. మనసులో ఏదో లెక్కపెట్టుకున్నాడు, ఎంతదాకానో తెలీదు. మళ్లీ నొక్కినాడు. నలుపు, నీలం, చుక్కలు. పెండ్లి ఫోటో. ప్రోగ్రాంలో దినం పదిహేడు అని చూపించింది.

తీగ మోత మళ్లీ రాలేదు. ఒక టక్కు. గొట్టంలో నీళ్లు కదిలిన చప్పుడు, మొదట గొంతు గరగరలాడినట్టు, తర్వాత ధారగా. కుప్పయ్య తలుపు మూసి దానికి వీపు ఆనించి కూలబడినాడు.

ఏబెల్ జేబులోంచి గుడ్డు తీసి, సిలువ గీత పైకి కనిపించేట్టు ట్రేలో పెట్టినాడు.

పిల్లలు వచ్చే దినం తెల్లవారుజాము నుంచే మిషన్ లోపల చిటపటలు మొదలైనాయి, ఆముదపు కాయలు ఎండకు పగిలినట్టు. కింది ట్రేలు తెరిస్తే తడి తడిగా, నల్ల కాళ్లతో, ఒకదాని మీద ఒకటి పడుతూ కనిపించినాయి. మధ్య ట్రేల్లో పలుచగా ఉన్నాయి. పై ట్రేల్లో చప్పుడే లేదు. కుప్పయ్య పై గుడ్లను ఒక్కోటి చెవి దగ్గర పెట్టుకొని బుట్టలో వేస్తూ పోయినాడు. బుట్ట నిండింది. ఇంకో బుట్ట తెచ్చుకున్నాడు. మొత్తం మీద పిల్లలు సగానికి తక్కువే వచ్చినాయి.

సిలువ గీసిన గుడ్డు పగల్లేదు. సాయంత్రం దాకా చూసి మునిరత్నం దాన్ని చేత్తో విప్పినాడు. పిల్ల నిండుగా పెరిగింది. ముక్కు పొరను పొడిచింది గానీ పెంకు దాకా రాలేదు. కాసేపు అరచేతిలో పెట్టుకొని, మిగతావాటితో కలిపి పూడ్చమని కుప్పయ్యకు ఇచ్చినాడు.

ఆదివారం చర్చి అయినాక ఏబెల్, స్టెల్లా ఆటోలో వచ్చినారు, కంప్యూటర్‌ను తీసుకుపోవడానికి. మునిరత్నం దాన్ని అప్పటికే తుడిచి, వైర్లు చుట్టి పెట్టినాడు. దాని పక్కన ఒక అట్టపెట్టె. పక్కలకు బొక్కలు పొడిచి, అడుగున వరిగడ్డి వేసి ఉంది. లోపల పిల్లలు కువకువలాడుతున్నాయి.

ఏబెల్ మూత ఎత్తి చూసినాడు. "జతే గదన్నా అడిగింది. ఇదేంది ఇన్ని?"

"పుంజేదో పెట్టేదో ఇప్పుడే తేలదు" అన్నాడు మునిరత్నం. "ఇన్నిట్లో పడుతుంది."

"రెండు నెలలు పోనిచ్చి, చూసి ఇచ్చింటే సరిపోయె గదా. నీకు అలవాటే."

మునిరత్నం పెట్టెలో వరిగడ్డి సర్దినాడు. స్టెల్లా ట్రేల వైపు చూసింది. "నా గుడ్డు?"

"రాలేదమ్మా."

ఆమె తలూపింది. పెట్టెలో చెయ్యి పెట్టింది. ఒక పిల్ల ఆమె గాజును పొడిచి చూసింది.

లోకేశ్వరి మజ్జిగ తెచ్చింది. తాగినాక ఏబెల్ కంప్యూటర్‌ను ఆటోలో పెట్టి, పెట్టెను ఒళ్లోకి తీసుకున్నాడు. ఆటో కదిలే ముందు ఏదో గుర్తొచ్చినట్టు తల బయటికి పెట్టినాడు.

"అన్నా, ఇవి పెద్దయి గుడ్లు పెట్టినాక ఎవరన్నా అడిగితే ఇయ్యొచ్చునా?"

మునిరత్నం ఆటో దగ్గరికి పోయినాడు. పెట్టె మీద ఎండ పడుతోంది. తన భుజం మీది తుండుగుడ్డ తీసి దాని మీద కప్పి, బొక్కలు మూసుకుపోకుండా అంచులు సర్దినాడు.

"ఇయ్యి" అన్నాడు. "నన్ను అడగబాకు."